మూత మీద చెయ్యి

నరసరావుపేటలో తలుపు కొట్టడానికీ లోపలికి రావడానికీ మధ్య ఖాళీ ఉండదు. కొన్ని ఊళ్ళలో మనిషి తలుపు కొట్టి, లోపలివాళ్ళు వచ్చి తీసేదాకా గుమ్మం బయట నిలబడతాడు. ఉద్యోగరీత్యా గుంటూరులో ఉన్నప్పుడు ఈ వింత నేను కళ్ళారా చూశాను. మా వీధిలో మాత్రం తలుపు కొట్టడమంటే, మేం వచ్చేశాం, ఇక మీరు సర్దుకోండి అని తెలియజేయడం. పోనీ అని గడియ పెట్టుకుంటే, "ఏందమ్మా, పట్టపగలు గడియ? ఒంట్లో బాగాలేదా?" అని ప్రహరీగోడ మీదనుంచి ఒక తల పలకరిస్తుంది. రిటైరయ్యాక సొంత ఊళ్ళో ప్రశాంతంగా చదువుకుందామని వచ్చినదాన్ని నేను. ప్రశాంతత మాట దేవుడెరుగు, కనీసం నోట్లో ముద్ద మింగే వ్యవధి ఇస్తే చాలుననిపిస్తుంది.

మొన్న పొద్దున అలాగే తలుపు టకటకమంది. ఆ చప్పుడు నా చెవిన పడేసరికి పక్కింటి సుబ్బులు నా వంటింట్లో ఉంది. "పొయ్యి మీద ఏం పెట్టావు పిన్నీ, గుమగుమలాడతంది?" అని అడిగి, జవాబు నా నోటినుంచి కాక గిన్నెనుంచే రాబట్టే ఉద్దేశంతో మూత ఎత్తింది. బెల్లం, యాలకులు, గోధుమపిండి, గుడ్డు కలిసి ఉడుకుతున్న ఆవిరి ఒక్కసారిగా లేచి నా కళ్ళద్దాలను కప్పేసింది. అద్దాలు తుడుచుకుని చూసేసరికి గిన్నెలో అప్పటిదాకా పొంగుతున్న కేకు, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని మనిషిలా, నడిమధ్య నెమ్మదిగా కిందికి దిగిపోతోంది. "ఇదేంది పిన్నీ, నన్ను చూసి కూచుంది?" అంది సుబ్బులు.

ఆ సందర్భంలో అనదగిన మాటలన్నీ నా చిన్నతనంలోనే ఒకావిడ అనేసింది. వాటికి కొత్తగా చేర్చగలిగేది నాకు లేదు. ఆవిడ కోటమ్మ టీచరు.

కోటమ్మ టీచరు గురజాల వైపు ఏదో పల్లెటూరి మనిషి. కంది, పత్తి పండించే మెట్టరైతుల ఇల్లు. ఆ ఇంటినుంచి ఆడపిల్ల మద్రాసు దాకా వెళ్ళి ట్రైనింగు చదివిందంటే ఆ రోజుల్లో దాన్ని ధైర్యమనేవాళ్ళు కొందరు, పెళ్ళి కాకపోవడమనేవాళ్ళు ఎక్కువమంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరిక లేక" అనేది. అడిగినవాళ్ళు నవ్వాలో ఓదార్చాలో తేలక వెళ్ళిపోయేవాళ్ళు. పొడగరి. నడుస్తుంటే మడమలు నేలకు ఏదో గట్టిగా చెప్పదలుచుకున్నట్టు ఉండేది. ఆవిడకు కోపం వస్తుందని అనడం సరికాదు. రావడానికి ముందు పోవాలి కదా. మా మీద, బల్లల మీద, చాక్‌పీసుల మీద, ఎండ మీద, యుద్ధం మీద ఆవిడకు సమానమైన విసుగు ఉండేది. హిట్లరును తిట్టిన గొంతుతోనే నా కుట్టుపనినీ తిట్టింది. నా కాజాలు చూసి, "ఇది కాజానా, ఎలక కొరికిందా?" అన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. "ఏడవమాక. కన్నీళ్ళు పడితే గుడ్డ ముడతలు పడిద్ది" అంది. ఓదార్పు విషయంలో ఆవిడకు చేతనైనది అంతే.

మా ఆడపిల్లల స్కూలు మూడో ఫారంతో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతితో, ఆగిపోయేది. ఆ పైన చదవాలంటే మగపిల్లల హైస్కూలుకు వెళ్ళాలి, లేదా గుంటూరులో హాస్టలులో ఉండాలి. ఈ రెండింటి గురించీ మా నాన్నకు స్థిరమైన అభిప్రాయం ఉండేది. "ఊళ్ళో ఆడపిల్లల బళ్ళో ఎంతదాకా ఉంటే అంతదాకా చదువుకో తల్లీ, నేను అడ్డం చెప్పను" అనేవాడు. వినడానికి ఉదారంగా ఉండే ఈ మాటకు అర్థం, ఆ ఏడాది వేసవికి నా చదువు అయిపోతుందని. అయిపోయాక ఏం జరుగుతుందో మా నాయనమ్మ సత్తెనపల్లి వైపు పెళ్ళీడు పిల్లవాడున్న బంధువులతో అప్పటికే మాట్లాడుతోంది. నాకు లెక్కలంటే ఇష్టం. కాజాలు అంత అన్యాయంగా ఉన్నా, లెక్కల్లో నాకు వంక పెట్టడానికి కోటమ్మ టీచరుకు కూడా దొరికేది కాదు. అది ఆవిడకు కొంచెం చిరాకు కూడా తెప్పించేది.

ఆ చలికాలంలో కబురు తెలిసింది. మా స్కూలుకు నాలుగో ఫారం ఇవ్వవచ్చునా లేదా తేల్చడానికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. లెక్కలూ తెలుగూ సరే, ఇంతకుముందు తనిఖీకి వచ్చినాయన ఒక్క మాట అని వెళ్ళాడట: ఈ స్కూలులో వంటా ఇంటిపనీ నేర్పే డొమెస్టిక్ సైన్సు అనే పాఠం గోడ మీద టైంటేబులులో తప్ప మరెక్కడా కనబడటం లేదు, అని. ఈసారి అది కళ్ళకు కనబడాలి. కనబడితే నాలుగో ఫారం. లేకపోతే సత్తెనపల్లి బంధువులు.

కోటమ్మ టీచరు మమ్మల్ని వెనక వరండాలో కూర్చోబెట్టింది. "కేకు చేస్తన్నాం" అంది.

మాలో ఎవరూ కేకు చూసినవాళ్ళు లేరు. నేను లేచి, "పులిహోర చేద్దామండీ, అందరికీ వచ్చు" అన్నాను.

"అందరికీ వచ్చు గనకే వద్దంటన్నా. పులిహోర చేసి చూపిస్తే మీ అమ్మ నేర్పిందంటది ఆవిడ. బళ్ళో నేర్పామని రుజువు కావాలంటే ఇళ్ళల్లో లేనిది చెయ్యాల. కూచో."

ఇంతవరకూ ఆవిడ తర్కానికి తిరుగులేదు. చిక్కల్లా, మద్రాసులో ఆవిడ కేకు నేర్చుకున్నది ఇనప పెట్టెలాంటి పెద్ద ఓవెనులో. నరసరావుపేట మొత్తానికి అలాంటి వేడి పెట్టె ఒక్కటే, రొట్టెల సాయిబు భట్టీ. ఆయన మంచివాడు, అడిగితే కాదనడు. ఒక పిల్ల ఆ మాటే అంది. కోటమ్మ టీచరు ఆ పిల్లవైపు తిరిగింది. "రేపు పెళ్ళై కాపురానికి పోయేప్పుడు సాయిబు భట్టీ వెంట తీసకపోతావా? ఏమే, నీ ఇంట్లో ఏముంది?"

"పొయ్యండీ."

"పొయ్యి మీద చెయ్యలేందాన్ని నీకు నేర్పి నేనేం బాగుపడను? ఆవిరి మీద చేద్దాం."

మొదటిసారి స్కూలు పొయ్యి మీదే పెట్టాం. చక్కెర రేషనులో ఉంది కనక బెల్లం. మైదా లేదు కనక రేషనులో బియ్యానికి బదులు ఇస్తున్న గోధుమలు. ఆ గోధుమలను ఏం చేసుకోవాలో తెలియక ఊళ్ళో సగంమంది బర్రెల కుడితిలో కలుపుతున్నారు. మేం వాటిని తిరగలిలో విసిరి పల్చటి గుడ్డతో జల్లెడ పట్టాం. కందికట్టె రాజేస్తే దీపావళిలాగా లేచి, ఆ వెంటనే చల్లారిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ చల్లారింది. చివరికి తయారైనదాన్ని గోడకు కొడితే గోడ దెబ్బతినేది. పెద్ద గుండిగ, నిలకడగా మండే తుమ్మమొద్దులు, వెడల్పాటి పొయ్యి కావాలని తేలింది. ఈ మూడూ ఉన్నది మా ఇంట్లో. నేను నోరు మూసుకుని ఉండవలసింది. లెక్కలు వచ్చిన పిల్లలు అన్నిటికీ జవాబు చెబుతారు.

అలా కోటమ్మ టీచరు మా ఇంటికి వచ్చింది. మా నాయనమ్మ అప్పటికి ఆ ఇంటిని చాలా కాలంగా ఏలుతోంది. మరో రాజ్యం సైన్యంతో సహా దొడ్లో దిగడం ఆమెకు కొత్త. వచ్చిన మొదటిరోజే మేం మజ్జిగ చిలికే కవ్వంతో గుడ్లు గిలక్కొట్టాం. నాయనమ్మ ఆ కవ్వాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎవరిదో శవాన్ని గుర్తుపడుతున్నట్టు చూసింది. "కోటప్పకొండ కోటయ్యసామికి సోమారం సోమారం ఒక్క పొద్దుంటన్నా. ఈ కవ్వంతో చిలికిన మజ్జిగ ఇంక నేనెట్టా తాగేది, పంతులమ్మా?"

"కొత్త కవ్వం కొనిపెడతాలే అత్తా. ఇది మాకు వదిలెయ్" అంది కోటమ్మ టీచరు. అన్నట్టుగానే మర్నాడు కొత్త కవ్వం తెచ్చింది. అయితే దాన్ని ఇస్తూ, "పాతదానికంటే ఇదే బాగుంది" అనకుండా ఉండలేకపోయింది. యుద్ధం అక్కడినుంచి మొదలైంది.

పద్ధతి చెబుతాను. గుండిగలో కొంచెం నీళ్ళు పోసి, అడుగున ఒక సత్తుగిన్నె బోర్లించాలి. దానిమీద నెయ్యి రాసిన గుండ్రటి రేకు డబ్బాలో పిండి పోసి పెట్టాలి. మూతకు లోపలివైపు పాత చీరగుడ్డ బిగించి కట్టాలి, లేకపోతే ఆవిరి నీళ్ళయి కేకు మీద కారుతుంది. నీళ్ళలో ఒక గులకరాయి వెయ్యాలి. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది టిక్కుటిక్కుమంటుంది. అది ఆగిందంటే నీళ్ళు ఇగిరాయని. ఇంతే. ఆ తరువాత చేయవలసిందల్లా ఏమీ చేయకుండా ఉండటం. లోపలిది నిలదొక్కుకునేదాకా మూత తీయకూడదు. వాసన పచ్చిగా ఉన్నంతసేపూ కూర్చోవాలి, కమ్మగా మారాక ఇంకాస్త కూర్చోవాలి.

ఇది మావాళ్ళకు అసాధ్యమని కోటమ్మ టీచరు పల్నాటి మనిషై ఉండి కూడా ఎందుకు ఊహించలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా వైపు మనిషి ఇంట్లోకి వస్తే ముందు అడిగేది "ఏం కూర?" అని. అడుగుతూనే చెయ్యి మూత మీదికి పోతుంది. అది తిండి మీద ఆశ కాదు, మర్యాద. మీ ఇంట్లో ఏం ఉడుకుతోందో నాకు పట్టనట్టు ఎలా ఉండమంటావు అని. మూత ఎత్తి చూసి, "కాస్త ఉప్పు తగ్గినట్టుంది" అని వాసననుబట్టే చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. మా పొయ్యి మీద గుండిగ ఉడుకుతుంటే, పాలమనిషి తీసింది. చాకలామె తీసింది. శివరాత్రికి కట్టే కోటప్పకొండ ప్రభకు చందా అడగటానికి వచ్చిన పెద్దమనిషి, చందా సంగతి మరిచిపోయి, తీశాడు. తీసిన ప్రతిసారీ లోపల కేకు నిట్టూర్చి కూర్చుంది. కోటమ్మ టీచరు మూత మీద పొత్రం రాయి పెట్టింది. అప్పటిదాకా పట్టించుకోనివాళ్ళు కూడా, రాయి పెట్టారంటే లోపల ఏదో ఉండే ఉంటుందని, రాయి దించి మరీ చూశారు.

అందరికంటే నాయనమ్మది అసలు చెయ్యి. ఒకరోజు కేకు బ్రహ్మాండంగా వస్తోంది. వాసన మారబోతోంది. కోటమ్మ టీచరు కాళ్ళు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మ వచ్చింది, తీసింది. టీచరు అక్కడినుంచి అరిచిన అరుపుకు బావిగట్టు మీది కాకి ఎగిరిపోయింది.

"అత్తా! నీకు దణ్ణం పెడతా, ఎన్నిసార్లు చెప్పాలి? తియ్యమాక, తియ్యమాక అని!"

"నా ఇంట్లో, నా పొయ్యి మీద, నా గుండిగ. లోపలేం ఉందో నేను చూడగూడదా?"

"ఏం ఉందో నీకు తెల్దా? పొద్దున్నించీ చూస్తానే ఉన్నావుగా!"

"ఉడికిందో లేదో చూశా."

"నువ్వు చూడటం వల్లే ఉడకలా!"

నాయనమ్మ దిగిపోయిన కేకును వేలితో పొడిచి చూసింది. "దీనికింత రాద్ధాంతం ఏంది? ఇది ఆవిరికుడుమే గదే తల్లీ. వినాయక చవితికి మేం చెయ్యట్లా? చవితి కుడుముకు నేను పదిసార్లు మూత తీస్తా. అది ఏ పొద్దయినా అలిగిందా?"

కోటమ్మ టీచరు కొంగు బిగించి, చెంబెడు నీళ్ళు తాగి, "మళ్ళీ విసరండే పిండి" అంది. మేం మళ్ళీ విసిరాం. నా అరచేతులు కాయలు కాశాయి. రాత్రి అన్నం తింటుంటే అవి చూసి నాన్న, "ఇన్ని తిప్పలు పడి ఆ నాలుగో ఫారంలో ఏం నేర్పుతారంట?" అన్నాడు. "ఆల్జీబ్రా" అన్నాను. "అది దేనికి?" అన్నాడు. కేకు దేనికని ఆయన అడగలేదు. అది కనీసం తినేది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అన్నిసార్లు చెడగొట్టుకోవడంలో మాకు ఆ కేకు బాగా పరిచయమైంది. ఎంతసేపటికి మూత తీస్తే ఎంత లోతు గుంట పడుతుందో తెలిసింది. గుంట చూసి ఎప్పుడు తీశారో మేం చెప్పగలిగేవాళ్ళం. ఎవరు తీశారో కూడా.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే రోజున గుండిగను స్కూలుకు మోయించాం. వెనక వరండాలో ఇటుకలతో వెడల్పాటి పొయ్యి కట్టాం. నాయనమ్మ సైతం వచ్చింది, "నా గుండిగ వెంట వచ్చా" అంది. వచ్చేది దొరసాని అనుకుని మేం "గుడ్ మార్నింగ్ మేడమ్" అని గొంతులు పోయేదాకా వల్లించి ఉన్నాం. కారు దిగినావిడ మావైపు మనిషే. కళ్ళజోడు, జరీ అంచు చీర, చేతిలో గొడుగు. ముందు గదులన్నీ చూసింది. లెక్కలు అడిగింది, నేను చెప్పాను. పద్యాలు అడిగింది, వేరేవాళ్ళు చెప్పారు. ముఖంలో మెప్పూ లేదు, అప్రసన్నతా లేదు. "డొమెస్టిక్ సైన్సు?" అంది. కోటమ్మ టీచరు వెనక వరండాకు దారి చూపింది.

అప్పటికి గుండిగ పొయ్యి ఎక్కి కొంచెంసేపైంది. వాసన ఇంకా పచ్చిగానే ఉంది. లోపల గులకరాయి టిక్కుటిక్కుమంటోంది.

"ఏంటా చప్పుడు?" అంటూ ఇన్‌స్పెక్టరమ్మ వంగింది. మా అందరికీ తెలిసిన ఆ వంగడం. కళ్ళజోడు, జరీ అంచు, సర్కారీ ఉద్యోగం అన్నీ ఒకవైపు. ఆవిడ చెయ్యి మాత్రం పల్నాటిది. కొంగు చేతికి చుట్టుకుని మూత పట్టుకుంది.

"మూత మీద చెయ్యి తియ్యండి" అంది కోటమ్మ టీచరు.

పొయ్యిలో తుమ్మమొద్దు చిటపటమంది. ఇన్‌స్పెక్టరమ్మ వంగినది వంగినట్టే తల తిప్పింది. "నాతోనేనా?"

"మూత మీద చెయ్యి ఎవరిదయితే వాళ్ళతోనండీ."

నాకు ఆ క్షణంలో కలిగిన భావాన్ని మర్యాదగా చెప్పడం కష్టం. కోటమ్మ టీచరు మీద అంత మంట నాకు అంతకుముందూ లేదు, తరువాతా లేదు. మూత తీయనిస్తే ఏం పోతుంది? కేకు కూర్చుంటుంది, కూర్చోనీ. వచ్చినావిడ నవ్వుకుంటుంది, "ప్రయత్నించారు" అని రాసుకుంటుంది, నాలుగో ఫారం వస్తుంది. కాయలు కాసిన చేతులు నావి, పోయేది నా ఆల్జీబ్రా, మొండితనం మాత్రం ఈవిడది! సత్తెనపల్లి నా కళ్ళముందు స్పష్టంగా కనబడింది.

ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా చెయ్యి తీసింది. చేతికి చుట్టుకున్న కొంగు విప్పుకుంది. వరండాలో ఉన్న స్టూలు మీద కూర్చుని, మా వంక తిరిగి, "తీస్తే ఏమవుతుంది? మీలో ఎవరైనా చెప్పండి" అంది. గొంతు చల్లగా ఉంది.

అందరూ నన్ను చూశారు. నేను లేచాను. "లోపలిది ఇంకా గట్టిపడలేదండీ. ఆవిరితోటి పొంగి నిలబడి ఉంది, అంతే. ఇప్పుడు చల్లగాలి తగిలితే నడిమధ్య కూచుంటుంది. కాసేపు ఆగి తీస్తే గుంట చిన్నది పడుతుందండీ, వాసన మారాక తీస్తే పడదు."

"పుస్తకంలో ఉందా?"

"లేదండీ. తీసి చూశాం."

"ఎవరు తీశారు?"

పిల్లలందరి కళ్ళూ ఒకేసారి నాయనమ్మవైపు తిరిగాయి. "ఆ, నేనే తీశా" అంది నాయనమ్మ. "ఇప్పుడు నువ్వూ తియ్యబోయావుగా? ఇంకేంది!"

ఇన్‌స్పెక్టరమ్మ గొడుగు పక్కన పెట్టి అలాగే కూర్చుంది. మేమూ కూర్చున్నాం. గులకరాయి మోగుతూనే ఉంది. పెద్ద హోదాగల మనిషి ఒక గుండిగ ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. మొదట్లో ఆవిడ గడియారం చూసుకుంది. తరువాత మానేసింది. కాసేపటికి ముక్కుపుటాలు కదిలాయి. "మారింది" అంది, తనలో తను అనుకున్నట్టు. "ఇంకాస్త ఆగాలండీ" అంది కోటమ్మ టీచరు. ఇంకాస్త ఆగాం.

కేకు నిలబడింది. పొయ్యి ఇటుక ఒకటి పల్లంగా ఉండటంవల్ల ఒకవైపుకు ఒరిగింది కాని, నిలబడింది. కొత్త చీపురుపుల్ల గుచ్చితే శుభ్రంగా వచ్చింది. అరిటాకు మీద బోర్లిస్తే, బెల్లం రంగులో, ఆవిరి కక్కుతూ అది కదలకుండా ఉంటే, మాలో ఒకరిద్దరు దణ్ణం పెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "కుడుములాగా ఉంది" అంది.

నాయనమ్మ ముఖం వెలిగిపోయింది.

"మా ఇళ్ళల్లో ఉన్నవి పొయ్యిలేనండీ" అంది కోటమ్మ టీచరు. ఆ మాట క్షమాపణలాగా లేదు, గొప్ప చెప్పుకున్నట్టూ లేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఇంకో ముక్క తీసుకుంది. అది కూడా తిని, చెయ్యి కడుక్కుని, కారెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నేను కోటమ్మ టీచరుతో మాట్లాడలేదు. ఆవిడ గమనించలేదు, గుండిగ అడుగు మాడిందని దాన్ని తిడుతూ తోముతోంది.

ఎండాకాలం సెలవుల్లో రెండు కబుర్లు కలిసి వచ్చాయి. మా స్కూలుకు నాలుగో ఫారం ఇచ్చారు. కోటమ్మ టీచరుకు మాచర్ల బదిలీ చేశారు. మొదటిదానికి కారణాలు వివరంగా చెప్పారు. రెండోదానికి ఎవరూ ఏమీ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగనవసరం లేకపోయింది. ఆవిడ ట్రంకుపెట్టె బండి ఎక్కిస్తుంటే నాయనమ్మ ఆ పాత కవ్వం తెచ్చి ఇచ్చింది. "నాకెట్టాగూ పనికిరాదు" అంది. టీచరు దాన్ని తిప్పి చూసి, "నేను కొన్నదానికంటే ఇదే గట్టిది" అంది. వాళ్ళిద్దరి మధ్య నేను విన్న మంచిమాట అదొక్కటే.

నాలుగో ఫారంలో మాకు వచ్చిన కొత్త టీచరు చాలా నెమ్మదస్తురాలు. ఎప్పుడూ గొంతెత్తేది కాదు, కాజాలను ఎలుకలతో పోల్చేది కాదు. ఆవిడ పేరు ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు.

నేను ఆల్జీబ్రా చదువుకున్నాను. ఏడాదికొక ఫారం చొప్పున మా బడి నాతోపాటే పెరిగింది; ఆరో ఫారం అయ్యేసరికి నాన్నకు అడ్డం చెప్పే అలవాటు తప్పింది. గుంటూరు కాలేజీలో చేరాను. ఆ తరువాత ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పడంలోనే గడిచింది. కోటమ్మ టీచరు దగ్గర నాకు అబ్బినది కుట్టుపని కాదని నా జాకెట్లు కుట్టే దర్జీ సాక్ష్యం చెబుతాడు. ఏదైనా అబ్బిందంటే, గులకరాయి చప్పుడు వింటూ చేతులు కట్టుకుని కూర్చోవడం. నల్లబల్ల ముందు ఒక పిల్ల సుద్దముక్క పట్టుకుని, సగం లెక్కలో ఆగి, పెదవి కొరుక్కుంటూ నిలబడినప్పుడు, పక్కనుంచి అందించాలని నా చెయ్యి ఎంత దురద పెట్టేదో నాకు తెలుసు. నేను అందించేదాన్ని కాదు. క్లాసులో మిగతావాళ్ళు అందించబోతే ఆపేదాన్ని. ఆ పిల్లలు నన్ను రాక్షసి అనుకున్నారు. కొందరు పెద్దయ్యాక కూడా అలాగే అనుకుంటున్నారు. వాసన మారేదాకా ఆగాలని వాళ్ళకు ఎలా చెప్పను? ఇక నా వంటింట్లో, నా గిన్నె మూతను, సుబ్బులు తీసేస్తే నేను నోరెత్తలేకపోయానంటే, నేర్చుకున్నది సగమేనని ఒప్పుకోవాలి. ఆగడం వచ్చింది, ఆపడం రాలేదు.

ఇంటరు ప్యాసై, బి.ఏ.లో చేరేముందు ఒకసారి మాచర్ల రైలెక్కాను. ఆవిడ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఎవరిని అడిగినా, "ఆ కసిరే పంతులమ్మా?" అని దారి చూపారు. తలుపు తీసే ఉంది. నేను మా ఊరి పద్ధతిలో, పిలుస్తూనే లోపలికి నడిచాను. ఆవిడ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. జుట్టు కొంచెం నెరిసింది. గోడకు మా నాయనమ్మ కవ్వం వేలాడుతోంది. పొయ్యి మీద గిన్నె, లోపల టిక్కుటిక్కు.

"టీచర్ గారూ, నేను భ్రమరాంబను. ఇంటరు ప్యాసయ్యాను" అంటూ, ఆ సంతోషంలో, ఆ వాసనలో, నా చెయ్యి నాకు చెప్పకుండా మూత మీదికి పోయింది. గరిటె కాడ వచ్చి నా మణికట్టుకు తగిలింది.

"ఇంటరు ప్యాసయిందంట" అంది, గిన్నెతో చెబుతున్నట్టు. "చెయ్యి మాత్రం ఫెయిలే. కూచో."

కూర్చున్నాను. మాచర్ల ఎండ గురించి, అక్కడి పిల్లల మొద్దుతనం గురించి, రైలు ఆలస్యం గురించి ఆవిడ వరసగా విసుక్కుంది. నా మార్కులు అడిగి, లెక్కల్లో పోయిన ఆ కాసిని ఎందుకు పోయాయని నిలదీసింది. నేను రైల్లో దారిపొడవునా పేర్చుకుంటూ వచ్చిన కృతజ్ఞతా వాక్యాలు మూడొంతులు అప్పటికే చెదిరిపోయాయి. మిగిలినదాన్ని పట్టుకుని, అన్నేళ్ళుగా లోపల ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు ఇన్‌స్పెక్టరమ్మను మీరు ఒక్కసారి మూత తియ్యనిచ్చి ఉంటే, మీకు ఈ బదిలీ ఉండేది కాదు కదండీ? మా నాలుగో ఫారం కూడా పోయేదేమో అని ఆలోచించలేదా? తియ్యనిస్తే ఏం పోయేది?"

కోటమ్మ టీచరు గరిటె కింద పెట్టింది. ఇంతకాలం చదివించినా ఈ పిల్లకు ఇంత తేలిక సంగతి ఎక్కలేదే అన్నట్టు, ఎప్పటి విసుగుతోనే నన్ను చూసింది.

"కేకు కూచునేది గదే" అంది.